చలనం గుట్టు విప్పిన ముక్కుపురుగు

రోడ్డు దాటడానికి నిలబడ్డారు. అటునుంచి ఆటో వస్తోంది. దాటేయాలా, ఆగాలా? రెప్పపాటులో తేల్చేస్తారు. అదంతా కంటి పనే అనుకుంటాం. కానీ కంట్లోని ఒక్కో కాంతి కణానికి తెలిసేది తన మీద పడిన వెలుతురు పెరిగిందా, తగ్గిందా అన్నదే. ఏది ఎటు కదిలిందో దానికి తెలియదు. మరి మీకెలా తెలిసింది? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవారు జర్మనీకి చెందిన వెర్నర్ రైఖార్ట్.

ఆయన 1924లో బెర్లిన్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో రేడియో పనిలో చేరాల్సి వచ్చింది. అక్కడే నాజీలను వ్యతిరేకించే రహస్య బృందంలో కలిశారు. గెస్టపో పట్టుకుంది. యుద్ధం చివరి రోజుల గందరగోళంలో తప్పించుకుని, బెర్లిన్‌లోనే తలదాచుకుని ప్రాణం దక్కించుకున్నారు. యుద్ధకాలంలోనే ఆయనకు బెర్న్‌హార్డ్ హాసెన్‌స్టైన్ అనే జీవశాస్త్ర విద్యార్థితో స్నేహం కుదిరింది. బతికి బయటపడితే భౌతిక, జీవ శాస్త్రాలను కలిపి పని చేద్దామని ఇద్దరూ మాట ఇచ్చుకున్నారు. దాన్ని నిలబెట్టుకున్నారు కూడా.

వాళ్లు ఎంచుకున్నది ఆకుపచ్చటి చిన్న పురుగును. మన బియ్యంలో కనిపించే ముక్కుపురుగు తరహాది. దాన్ని వీపు దగ్గర కదలకుండా పట్టి ఉంచి, కాళ్లకు తేలికైన బుట్టలాంటి గోళాన్ని అందించారు. పురుగు నడుస్తుంటే అది కదలదు, కాళ్ల కింద గోళమే తిరుగుతుంది. కాసేపటికోసారి దారి రెండుగా చీలుతుంది. చుట్టూ నలుపు తెలుపు గీతల డ్రమ్మును తిప్పుతూ పురుగు ఎన్నిసార్లు కుడికి, ఎన్నిసార్లు ఎడమకు మళ్లిందో లెక్కపెట్టారు. గీతలు ఎటు తిరిగితే పురుగూ అటే మళ్లింది.

ఆ లెక్కల నుంచి 1956లో ఒక సూత్రం తేల్చారు. పక్కపక్కనున్న రెండు కాంతి కణాలను ఊహించుకోండి. మొదటిదాని సంకేతం కొంచెం ఆలస్యంగా వెళ్తుంది. గీత మొదటిదాన్ని దాటి రెండోదాన్ని చేరేసరికి రెండు సంకేతాలూ ఒకేసారి కలుస్తాయి. మెదడు వాటిని గుణిస్తే పెద్ద జవాబు వస్తుంది. గీత ఎదురు దిక్కున వస్తే అవి కలవవు. ఇలాంటివే రెండు జతలను ఎదురెదురుగా పెట్టి తేడా తీస్తే దిక్కు తెలిసిపోతుంది. గీతలు మరీ సన్నగా ఉంటే ఈ లెక్క తప్పాలి. నిజంగానే తప్పింది. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరిగినట్లు కనిపిస్తుందే, అలా పురుగు ఎదురు దిక్కుకు మళ్లింది.

1958లో రైఖార్ట్ ట్యూబింగెన్ వెళ్లారు. 1968లో అక్కడ మాక్స్ ప్లాంక్ బయలాజికల్ సైబర్నెటిక్స్ సంస్థ వెలిసింది. ట్యూబింగెన్‌లో ఆయన ఈగల మీద పని చేశారు. 1992లో కన్నుమూశారు. ఈ లెక్క ఈగ మెదడులో ఎక్కడ జరుగుతుందో అప్పటికి తేలలేదు. పండ్ల ఈగలో టీ4, టీ5 అనే కణాలు చలన దిశను గుర్తిస్తాయని 2013లో స్పష్టమైంది.

ఇదంతా మీకెందుకంటారా? మాటలు రాని పసిపిల్లలకు చూపుందో లేదో తెలుసుకోవడానికి కంటి వైద్యులు కూడా గీతల డ్రమ్మునే తిప్పి చూపిస్తారు. బిడ్డ కళ్లు గీతల వెంట కదిలితే చూపున్నట్టే. ఇక మెదడు వెనుక భాగం రెండువైపులా దెబ్బతిన్న ఒక జర్మన్ మహిళ గురించి 1983లో వైద్యులు రాశారు. ఆమెకు రంగులు, వస్తువులు కనిపించేవి. కదలిక మాత్రం కనిపించేది కాదు. కప్పులో పోస్తున్న టీ గడ్డకట్టినట్లుండేది. దూరాన ఉన్న కారు మరుక్షణం ముందు ప్రత్యక్షమయ్యేది. ఆమెకు రోడ్డు దాటడం గండమే.

చూపు అంటే కన్ను ఒక్కటే కాదు, మెదడు కూడా. అందుకే చూపులో ఉన్నట్టుండి తేడా వస్తే కళ్లద్దాలు మారిస్తే సరిపోతుందని రోజులు గడపకండి. దాంతోపాటు మూతి వంకరపోయినా, చేయి పట్టు తప్పినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయండి.