రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు

నూతనాలయ నిర్మాణం కంటె జీర్ణాలయోద్ధరణం అధిక ఫలప్రదమని ఆగమశాస్త్రాలు చెబుతున్నాయి. జీర్ణోద్ధరణ పూర్తియై కుంభాభిషేకం జరుగుచున్న ఈ శుభవేళ, గుంటూరు సీమలో దేవాలయ వైభవాన్ని నిలిపిన రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారిని స్మరించుకొనుట మన విధి.

1761లో జన్మించిన నాయుడు గారు 1783లో జమీందారీ అధికారాన్ని స్వీకరించారు. కృష్ణాతీరమందలి చింతపల్లి వారి తొలి రాజధాని. వారి ఆజ్ఞచే వందలాది చెంచులు వధింపబడిరనీ, ఆ పాపభీతి వారిని వెన్నాడగా నివృత్తికై అమరేశ్వరుని శరణుజొచ్చిరనీ ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకొంటారు. 18వ శతాబ్ది చివరి దశకంలో వారు అమరావతికి తరలివచ్చి, అక్కడ నూతన పట్టణాన్ని నిర్మించి, అమరేశ్వరాలయాన్ని ఉద్ధరించారు. చేబ్రోలులో కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మాలయాన్ని కట్టించారు. మంగళగిరిలో లక్ష్మీనరసింహస్వామి వారి ఆలయానికి 1807-1809 మధ్య పదకొండు అంతస్తులతో, 153 అడుగుల ఎత్తున తూర్పు గాలిగోపురాన్ని ఎత్తించారు. దూరాన పొలాల్లోని రైతుకు సైతం నేటికీ ఆ గోపుర దర్శనం లభిస్తున్నది.

అయితే ఈ చరిత్రలో మరియొక పార్శ్వమున్నది. అమరావతి పట్టణ నిర్మాణానికై సమీపమందలి దీపాలదిన్నెను త్రవ్వి ఇటుకలు, శిలాఫలకాలు తరలించారు. అది ప్రాచీన బౌద్ధ మహాస్తూపమని వారికి తెలియదు. ఆ వార్త విని 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూచేనాటికే కొంత నష్టం జరిగిపోయింది. 1816లో మెకంజీ మరల వచ్చి మిగిలిన శిల్పాలకు చిత్రాలు వ్రాయించారు. నాయుడు గారు స్వర్గస్థులైనదీ ఆ సంవత్సరమే. ఆ శిల్పాలలో అనేకం నేడు చెన్నపట్టణంలోను, లండనులోను ఉన్నాయి.

ఇంతటి ధర్మదాత చేతులమీదుగానే ఇంతటి ప్రాచీన సంపద చెదరిపోయినదంటే, అది భక్తిలోపం కాదు. పాతరాయి విలువ ఎరుగకపోవుటయే. వారికి తెలియనిది నేడు మనకు తెలుసు. కనుక జీర్ణోద్ధరణ చేయు పెద్దలందరికీ నా విన్నపమొక్కటే: తొలగించిన ప్రతి స్తంభాన్నీ, ప్రతి శిలనూ పరిశీలించండి. అక్షరమున్న రాయికి సున్నం పూయవద్దు, విరిగిన శిల్పాన్ని పునాదిలో వేయవద్దు. ప్రాంగణంలోనే ఒక చోట భద్రపరచండి. క్రొత్త గోపురం మన భక్తిని చాటితే, పాతరాయి మన పూర్వుల భక్తిని చాటుతుంది. రెండూ స్వామి సొత్తే.

సర్వే జనాః సుఖినో భవంతు.