కంకర దారిలో ఫానీ

సైకిలు నేర్చుకున్న రోజులు గుర్తున్నాయా? సీటు అందక, కడ్డీ కిందినుంచి కాలు దూర్చి, సగం సగం పెడలు తొక్కుకుంటూ, మోకాలు దోక్కుపోయి ఇంటికొస్తే... దెబ్బ సంగతి తర్వాత, ముందు ఆడపిల్లకి సైకిలేమిటని అక్షింతలు! అయినా మానామా? తారురోడ్డు మీద బ్యాలెన్సు కుదిరాక కంకర రోడ్డు మరో పరీక్ష. చక్రం జారుతుంది, హ్యాండిల్ చేతిలో నిలవదు, ఒళ్లు హూనమైపోతుంది.

ఇప్పుడు ఆ కుదుపు కోసమే డబ్బు పోసి సైకిళ్లు కొంటున్నారు. గ్రావెల్ బైక్ అంటారు వాటిని. అమెరికాలో, ఐరోపాలో సెలవు రోజొస్తే చాలు, ఊరిబయట కొండల అడుగున ఉండే పార్కుల్లో, లోయల్లో, కనుమల్లో మట్టిబాటలు వెతుక్కుని మరీ వెళ్తున్నారు. ఆడవాళ్లూ తక్కువేం కాదు. వెడల్పాటి టైర్లు, గట్టి బ్రేకులు, ఎత్తు ఎక్కడానికి గేర్లు. దారి చూపడానికి ఫోను ఉండనే ఉంది.

ఇవేవీ లేని రోజుల్లో, పొడవాటి స్కర్టు కట్టుకుని, నెత్తిన ఎండటోపీ పెట్టుకుని, ఆఫ్రికా కొండదారుల నుంచి హిమాలయాల అడుగుదాకా ఇలాంటి బాటలే తొక్కిన ఒక అమెరికా ఇల్లాలి కథ ఇది. పేరు ఫానీ బులక్ వర్క్‌మన్. ఆమె గొప్పదనం ఎంతుందో, ఆమెతో మనకు పేచీ కూడా అంతే ఉంది. రెండూ చెప్పుకుందాం.

గవర్నరుగారమ్మాయి

ఫానీ 1859 జనవరి 8న మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్నంలో పుట్టింది. తండ్రి అలెగ్జాండర్ బులక్ ఆ రాష్ట్రానికి గవర్నరుగా చేసినవాడు. తల్లి తరఫు తాతగారిది తుపాకిమందు వ్యాపారం. అంటే డబ్బుకు లోటు లేదు. ఇంట్లోనే టీచరమ్మలు, తర్వాత న్యూయార్కులో పెద్దింటి ఆడపిల్లల బడి, ఆపైన పారిస్, డ్రెస్డెన్‌లలో భాషలు, మర్యాదలు. అప్పటి లెక్కలో ఇక మిగిలింది పెళ్లే. అదీ అయింది. విలియం వర్క్‌మన్ అనే డాక్టరు, ఆమెకంటే పన్నెండేళ్లు పెద్ద. ఆయనకు కొండలెక్కే సరదా. భార్యను ఇంట్లో కూర్చోబెట్టకుండా తనతో తీసుకెళ్లాడు. న్యూ హాంప్‌షైర్‌లోని వాషింగ్టన్ కొండ ఫానీ చాలాసార్లు ఎక్కింది.

1884లో కూతురు రేచల్ పుట్టింది. ఆ తర్వాత డాక్టరుగారికి ఒంట్లో బాగుండక ప్రాక్టీసు మానేశాడు. 1889లో కాపురం జర్మనీకి మారింది. గమ్మత్తేమిటంటే, అక్కడ అడుగుపెట్టాక ఆయన ఆరోగ్యం చాలా త్వరగా కుదుటపడింది! తండ్రి ఆస్తి ఫానీకి అప్పటికే వచ్చింది. ఇక ఉద్యోగం చెయ్యాల్సిన పని లేదు.

ఆ ఏడే డ్రెస్డెన్‌లో కొడుకు పుట్టాడు. సీగ్‌ఫ్రీడ్ అని పేరు పెట్టుకున్నారు. నాలుగేళ్ల వయసులో, 1893లో, ఫ్లూ జ్వరం వచ్చి న్యుమోనియాలోకి దిగి ఆ పిల్లాడు పోయాడు.

ఆ తర్వాత ఫానీ సైకిలు మీద దూరదేశాలకు బయలుదేరింది.

సైకిలే సంసారం

సైకిలు అప్పటికి ఇంకా కొత్త వస్తువు. అంతకుముందుది ముందుచక్రం మనిషంత ఎత్తు ఉండేది, స్కర్టు కట్టుకున్న ఆడవాళ్లు ఎక్కే బండి కాదు. రెండు చక్రాలూ సమానంగా ఉన్న రోవర్ సైకిలు ఇంగ్లండులో 1885లో వచ్చింది. 1888లో డన్‌లప్ గాలి టైరు తయారుచేశాడు. ఈ రెండూ కలిశాకే ఆడవాళ్లకు దారి దొరికింది. ఊళ్లో పార్కు చుట్టూ తిరిగేవాళ్లు చాలామందే తయారయ్యారు. ఫానీ ఆ పార్కు దాటి వెళ్లిపోయింది.

ముందు అల్జీరియా సంగతి. అట్లాస్ పర్వతాల మీదుగా సహారా అంచు దాకా మొగుడూ పెళ్లాలిద్దరూ సైకిళ్ల మీదే వెళ్లారు. కొండ చుట్టూ మెలికలు తిరిగే బాట, పక్కన లోయ, కింద గులకరాళ్లు. ఎక్కలేని చోట దిగి తొయ్యాలి, దిగేచోట ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి. ఆ ప్రయాణం గురించి ఆమె రాసిన పుస్తకం 1895లో అచ్చయింది. అక్కడి ఆడవాళ్ల బతుకు చూసి కడుపు మండి, వాళ్లను పశువుల్లా చూస్తున్నారని గట్టిగానే రాసింది.

అదే ఏడాది స్పెయిన్. ఒక్కొక్కరి సైకిలు మీద తొమ్మిది కిలోల సామాను. రోజుకు సగటున 45 మైళ్లు, కొన్ని రోజులు 80 మైళ్ల దాకా! మొత్తం 2,800 మైళ్లు. మనం ఆటోలో పది మైళ్లు పోతేనే నడుం పట్టేసిందంటాం. దారిలో కుక్కలు వెంటపడేవి. అందుకని ఆమె దగ్గర ఒక కొరడా ఉండేది, పిస్తోలు కూడా ఉండేది.

రోజుకు నలభై పంక్చర్లు

1897 చివరలో దంపతులు మన వైపుకు తిరిగారు. సింహళం, జావా, బర్మాతో పాటు మన దేశం. దక్షిణపు కొస నుంచి హిమాలయాల దాకా సైకిళ్ల మీద. పాత గుళ్లు, శిల్పాలు చూడాలన్నది వాళ్ల పట్టుదల. 1904లో వచ్చిన పుస్తకం పేరులోనే పధ్నాలుగు వేల మైళ్లని లెక్క చెప్పుకున్నారు.

మూటలో ఏముండేవంటే టీపొడి, పంచదార, బిస్కెట్లు, జున్ను, డబ్బా మాంసం, తాగేనీళ్లు, దిండు, తలా ఒక దుప్పటి, మందులు, రాసుకోడానికి కాగితాలు, పంక్చర్ల సామాను. పుట్టింటికి నాలుగురోజులకు వెళ్లాలన్నా రెండు సూట్‌కేసులు సర్దే మనకు ఈ చిట్టా చూస్తే సిగ్గేస్తుంది!

పంక్చర్ల సామానే అన్నిటికంటే ఎక్కువ వాడకం. ఒక్కోరోజు నలభై దాకా పంక్చర్లు పడేవట. ఆలోచించండి. టైరు విప్పడం, ట్యూబు లాగడం, చిల్లు ఎక్కడుందో పట్టుకోవడం, ముక్క అతికించి ఆరేదాకా ఆగడం, మళ్లీ గాలి కొట్టడం. ఎక్కి నాలుగడుగులు పోగానే మళ్లీ బుస్సుమని... దారిలో షాపు లేదు. ఎంత ఆస్తి ఉన్నా ఆ పని చేతులతో చేసుకోవలసిందే. రాత్రికి దొరికినచోట పడక. ఎలుకలు పరుగులు తీసే గదులు, దోమలు. కొన్ని పూటలు తిండీ నీళ్లూ లేకుండానే గడిచాయి.

1898 వేసవిలో మైదానం ఎండలు భరించలేక కొండల్లోకి వెళ్లారు. అక్కడ ఆ మంచు శిఖరాలు చూశాక ఫానీ మనసు సైకిలు మీద నిలవలేదు. ఆపైన పధ్నాలుగేళ్లలో ఎనిమిదిసార్లు హిమాలయాలకు, కారకోరం కొండలకు వచ్చింది. 1899లో ఎక్కిన ఒక శిఖరానికి పోయిన కొడుకు పేరు పెట్టింది. 1906లో, నలభై ఏడేళ్ల వయసులో, నున్ కున్ కొండల్లో 22,735 అడుగుల ఎత్తున్న పినకిల్ శిఖరం ఎక్కింది. 1934 దాకా ఏ ఆడమనిషీ అంతకంటే ఎత్తు వెళ్లలేదు. మధ్యలో అన్నీ పెక్ అనే మరో అమెరికా ఆవిడ, పెరూలో తానెక్కిన కొండే ఇంకా ఎత్తని చెప్పింది. ఫానీ ఊరుకుంటుందా? సొంత ఖర్చుతో, పదమూడు వేల డాలర్లు పోసి, సర్వే వాళ్లను పంపి ఆ కొండ కొలిపించింది. వెయ్యి అడుగులు తక్కువే తేలింది! సాటి ఆడదాని లెక్క తప్పించడానికి అంత ఖర్చా అనిపిస్తుంది. కానీ మగవాళ్లు ఇలాంటి పందేలు కాస్తే పట్టుదల అంటాం కదా.

1912లో సియాచిన్ మంచు మీద, 21,000 అడుగుల ఎత్తున, ఆడవాళ్లకు ఓటు కావాలన్న పత్రిక చేత్తో పట్టుకుని ఫొటో తీయించుకుంది. అమెరికాలో ఆడవాళ్లందరికీ ఆ హక్కు రాజ్యాంగంలోకి ఎక్కింది 1920లో.

ఇంట్లో మిగిలినదెవరు?

ఇక మన పేచీ. అల్జీరియా ఆడవాళ్ల కోసం కడుపు మండిన ఫానీకి, తన మూటలు మోసే మన కూలీల మీద ఆ జాలి కలగలేదు. వాళ్లను సోమరులని, అబద్ధాలకోరులని రాసింది. మంచులో నడవలేమన్నవాళ్లమీద చిరాకుపడింది. ఒకసారి నూటయాభైమంది దాకా వదిలేసి వెళ్లిపోయారంటే తప్పంతా వాళ్లదేనా? దొరసాని కళ్లద్దాలు ఆమె తీయలేదు.

రెండోది, రేచల్. తమ్ముడు పోయేనాటికి ఆ పిల్లకు తొమ్మిదేళ్లు. అమ్మానాన్నలు సైకిళ్లమీద దేశాలు తిరుగుతుంటే ఆ పిల్ల ఆయాల దగ్గర, తర్వాత ఇంగ్లండులో హాస్టలు బడిలో పెరిగింది. పుత్రశోకం తట్టుకోడానికి తల్లి దారిని పట్టుకుందని సరిపెట్టుకోవచ్చు. ఉన్న బిడ్డ సంగతేమిటి? ఈ మాట ఫానీనే ఎందుకడగాలి, పక్క సైకిలు మీదున్న తండ్రినెవరూ అడగరేం అని మీలో కొందరికి అనిపించే ఉంటుంది. నిజమే. నాకూ అనిపించింది. అయినా ఆ తొమ్మిదేళ్ల పిల్ల కళ్లముందు నుంచి పోదు.

రేచల్ భూగర్భశాస్త్రం చదివింది. లండన్ జియలాజికల్ సొసైటీ 1919లో మొదటిసారి ఆడవాళ్లను సభ్యులుగా తీసుకున్నప్పుడు ఆమె వాళ్లలో ఒకరు. 1911లో కాన్పూరు ఉన్నిమిల్లుల యజమాని అలెగ్జాండర్ మెక్‌రాబర్ట్‌ను పెళ్లాడింది. తల్లి తొక్కిన దేశంలోనే అల్లుడి వ్యాపారం! ముగ్గురు కొడుకులు పుట్టారు. 1938లో ఒకడు, 1941లో ఇద్దరు, ముగ్గురూ విమానాల్లోనే పోయారు. రేచల్ పాతికవేల పౌన్లిచ్చి ఒక బాంబరు విమానం కొనివ్వమంది. తల్లి మొండితనం కూతురికీ వచ్చింది.

ఆ విషాదాలేవీ ఫానీ చూడలేదు. చాలాకాలం జబ్బుతో ఉండి 1925 జనవరి 22న ఫ్రాన్సులోని కాన్ పట్నంలో కన్నుమూసింది. ఆమె చదివింది మర్యాదలు నేర్పే బడి. కాలేజీ గడప తొక్కలేదు. వీలునామాలో మాత్రం లక్షా పాతికవేల డాలర్లు నాలుగు ఆడపిల్లల కాలేజీలకు రాసింది. వెల్‌స్లీ, స్మిత్, రాడ్‌క్లిఫ్, బ్రిన్ మార్. బ్రిన్ మార్‌లో ఆమె పేరిట పెట్టిన ఫెలోషిప్పు, చదువు కోసం దేశం దాటి వెళ్లేవాళ్లకు దారిఖర్చులకి.