ఇందిర వైపు నుంచి గోపీచంద్

త్రిపురనేని గోపీచంద్ మన కృష్ణా జిల్లా మనిషే. 1910 సెప్టెంబరు 8న గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టారు. తండ్రి కవిరాజు రామస్వామి చౌదరి గారు. దేన్నయినా ఎందుకని అడగడం నేర్పిన ఇల్లది. గోపీచంద్ లా చదివారు, సినిమాలు తీశారు, ఆకాశవాణిలో పనిచేశారు. నలుగురికీ గుర్తుండిపోయింది మాత్రం నవలలతోనే.

'అసమర్థుని జీవయాత్ర'ను తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవల అంటారు. వంశప్రతిష్ఠ కోసం ఆస్తి కరగబెట్టుకున్న సీతారామారావు లోకాన్నీ తననూ కూడా ద్వేషించుకుంటాడు. భార్య ఇందిరను వేధిస్తాడు. రామయ్య తాత మంచి మాటలు చెవికెక్కవు. మతి చలించి చివరికి శ్మశానంలో ప్రాణం పోగొట్టుకుంటాడు.

నేనీ నవలను ఇందిర వైపు నుంచి చదువుతాను. ఇలాంటి మగవాణ్ణి మన ఇళ్లల్లో చేతకానివాడు అంటాం గానీ మనసుకి జబ్బు చేసిందేమో అనుకోం. సంసారం ఈదేది ఇల్లాలు, మాటలు పడేదీ ఆమే!

గోపీచంద్ అక్కడే ఆగిపోలేదు. హేతువాదం నుంచి ఎం.ఎన్. రాయ్ మానవవాదం మీదుగా అరవిందుల తాత్వికత దాకా వెతుక్కుంటూ వెళ్లారు. 1962 నవంబరు 2న కన్నుమూశారు. మరుసటేడు 'పండిత పరమేశ్వర శాస్త్రి వీలునామా'కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగు నవలకు అదే మొదటిసారి.

ఇంట్లో మనిషి వారాల తరబడి ముభావంగా, నిద్రా తిండీ లేకుండా ఉంటే బద్ధకమని కొట్టిపారేయకండి. పక్కన కూర్చుని పలకరించండి, డాక్టరుకి చూపించండి. పక్కింటి ఇందిరనీ ఓసారి పలకరించండి. ఆమెకీ ఓ తోడు కావాలి కదా!