రాతి గొడ్డలి కాలమును వెదకిన రాబర్టు బ్రూస్ ఫుట్ దొరగారు

పాత తుపాకి యొకటి మన చేతికి వచ్చినచో అది యేనాటిదో తెలిసికొనుటకు మార్గములు గలవు. క్రింది మీటను త్రోసి లాగినంతనే తూటా లోనికెక్కు వించెస్టరు తుపాకినే తీసికొందము. దాని యినుపకట్టుపై నొక సంఖ్య చెక్కబడి యుండును. అమెరికాలోని న్యూహేవెన్ కర్మాగారమువారి ఖాతాలతో ఆ సంఖ్యను పోల్చి చూచినచో తయారైన కాలము బయటపడును. అయినను తొందరపడువారు మోసపోవుదురు. పేరులో 1873 అని యున్నంత మాత్రమున ఆ తుపాకి 1873లో పుట్టినదని కాదు. అది ఆ మాదిరి మొదట వెలువడిన యేడు మాత్రమే; అదే మాదిరిని దాదాపు ఏబది సంవత్సరములు చేయుచునే యుండిరి. కావున రూపమును చూచి కాలము చెప్పువాడు సులభముగా తప్పులో కాలు వేయును.

సంఖ్యయు లేక, చేసినవాని పేరును లేక, ఖాతాయు లేని యాయుధము దొరికినచో నేమి చేయవలెను? బళ్లారి, అనంతపురముల మెట్టభూములలో అట్టి యాయుధములు దుక్కిచాళ్లలోను వంకగట్లపైనను బయటపడుచుండును. అవి నున్నగా సానపట్టిన నల్లని రాతి గొడ్డళ్లు. పల్లెలవారు వీనిని పిడుగుతో ఆకాశమునుండి పడినవని తలచుటయు, చెట్టు క్రింది దేవతల చెంత నుంచి పూజించుటయు కలదు. వీనిని చేసినవా రెవరు, ఎప్పుడు చేసిరి అను ప్రశ్నకు తన జీవితములో సగమునకు మించిన కాలమును ధారపోసినవారు రాబర్టు బ్రూస్ ఫుట్ దొరగారు. ఆయన కథను మన విద్యార్థులకు చెప్పవలెనని మేము చాల కాలముగా ననుకొనుచుంటిమి.

ఫుట్ దొరగారు 1834వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణమున జన్మించిరి. 1858లో భారత భూగర్భశాస్త్ర శాఖలో నుద్యోగమున చేరి చెన్నపట్టణ రాజధానికి వచ్చిరి. ఆ శాఖవారి పని యేమనగా, గుడారములు వేసికొని ఊరూర తిరిగి, ఏ నేల క్రింద నే రాయి యున్నదో పటముపై గుర్తించుట. బొగ్గు ఎచ్చట, ఇనుము ఎచ్చట, బంగారమెచ్చట అని ప్రభుత్వము అడుగును గాని, పూర్వ మానవుల పనిముట్ల సంగతి యెవరును అడుగరు. ఆ విచారణ దొరగారు తమంతట తాము నెత్తిన వేసికొన్నది.

ఆ దినములలో ఐరోపాలో పెద్ద వివాదము సాగుచుండెను. ఫ్రాన్సు దేశమున నదీతీరపు గులకపొరలలో, నశించిన మృగముల యెముకలతో కూడ, చెకుముకి రాతి యాయుధములు దొరికినవి. ఇవి మనుష్యుడు చేసినవే యని 1859లో ప్రెస్ట్‌విచ్, ఎవాన్సు అను విద్వాంసులు అంగీకరించిరి. 1863 ఆరంభమున లయల్ పండితుని గ్రంథము వెలువడి చర్చను మఱింత పెంచెను. ఈ వార్తలన్నియు ఫుట్ దొరగారి చెవిని పడుచునే యుండెను.

1863 మే 30వ తేదీన చెన్నపట్టణమునకు దగ్గరనున్న పల్లావరములో కంకర కొఱకు త్రవ్విన గోతియొద్ద ఆయన కొక రాయి కనబడెను. చూచుటకు మొరటురాయి. కాని దాని రెండు ముఖములనుండియు పెచ్చులు వరుసగా నూడగొట్టబడి యుండెను. ఏటినీటిలో దొర్లిన రాయి గుండ్రనగునే గాని, ఇరుప్రక్కల సమముగా చెక్కబడి మొన తేలదు. అది మనుష్యుని చేతిపని యని ఆయన గ్రహించిరి. భారతదేశమున పాతరాతి యుగపు ఆయుధమని గుర్తింపబడినది అదియే మొదటిది. అదే సంవత్సరము సెప్టెంబరు నెలలో తమ సహోద్యోగి విలియం కింగ్ దొరగారితో గూడ పోయి, పూండికి చేరువనున్న అత్తిరంపాక్కము వాగుగట్టున అట్టివానిని మఱి పెక్కింటిని కనుగొనిరి. ఇచ్చట చెకుముకి రాయి లేదు; అందుచేత ఆ పూర్వులు గట్టి క్వార్ట్‌జైటు రాతిని వాడుకొనిరని కూడ తెలిసినది. 1866లో దీనిని గూర్చి చెన్నపట్టణపు విద్వత్పత్రికలో వ్యాసము ప్రకటించిరి.

రాయి దొరకినది గాని వయస్సు దొరకలేదు. ఆయనకున్న ఆధారము పొర యొక్కటే. క్రింది పొరలోనిది ముందు, పై పొరలోనిది వెనుక. ఇంత చిన్న సూత్రమే అయినను దానిని వాడుటలో పొరపాట్లు రాకపోలేదు. చెన్నపట్టణపు ప్రక్కనున్న ఎఱ్ఱని లేటరైటు పొరలు సముద్రమడుగున నేర్పడినవని మొదట ఆయన తలచిరి. తరువాతి పరిశోధకులు దీనికి సమ్మతింపలేదు. వానిని పేర్చినది వాగులును వానలునేగాని సముద్రము కాదు.

దొరగారు పీటర్ పెర్సివల్ అను మిషనరీ గారి కుమార్తెను వివాహమాడిరి. పెర్సివల్ గారు యాళ్పాణమున వెస్లియన్ మిషనులో పనిచేసి, తమిళ బైబిలు అనువాదమున శ్రమించి, పిదప చెన్నపట్టణ ప్రెసిడెన్సీ కళాశాలలో నాచార్యులై యుండినవారు. మామగారు మాటలను వెదకిరి, అల్లుడుగారు రాళ్లను వెదకిరి.

ఇక మన సీమకు వత్తము. 1880 తరువాత ఫుట్ దొరగారు బళ్లారి, అనంతపురము జిల్లాలలో పని సాగించిరి. అనంతపురము బళ్లారినుండి విడివడి వేఱు జిల్లాయైనది 1882లోనే. రాయదుర్గము అప్పటికి బళ్లారిలోనే యుండెను. 1953 తరువాతనే మనలో చేరినది. ఈ రెండు జిల్లాల రాళ్లను గూర్చి 1886లో ఒక వ్యాసమును, బళ్లారి జిల్లాను గూర్చి 1895లో ఒక గ్రంథమును వ్రాసిరి. దక్షిణమున బంగారము దొరకు రాళ్ల వరుసకు ధార్వాడు వరుస యని పేరు పెట్టినవారు కూడ ఆయనయే. మన రామగిరి బంగారు గనులు ఆ రాళ్లలోనివే.

వజ్రకరూరు మాటయు నొకటి చెప్పవలసి యున్నది. వానలు కురిసిన పిమ్మట జనులు చేలలో వజ్రముల కొఱకు తలలు వంచుకొని తిరుగు గ్రామమది. షాపెర్ అను ఫ్రెంచి విద్వాంసుడు అచ్చటి పెగ్మటైటు రాతిలోనే వజ్రములు పుట్టుచున్నవని ప్రకటించెను. ఫుట్ దొరగారు 1889లో దీనిని పరీక్షించి వ్రాసి, ఆ మాటను నమ్మలేదు. వజ్రము దొరకిన చోటు వేఱు, పుట్టిన చోటు వేఱు కావచ్చునుగదా! వజ్రములను లోతునుండి పైకి తెచ్చు కింబర్లైటు రాయి ఆ ప్రాంతముననే కలదని తరువాత తేలినది.

ఈ పీఠభూమిలో గ్రానైటు గుట్టల నడుమ నల్లని రాతిగట్లు గోడలవలె బారులు తీరి పోవుచుండును. బండిమీద ప్రయాణము చేయువారెల్లరు చూచినవే. అది డోలరైటు రాయి; మిగుల గట్టిది, సానకు నిలుచునది. బళ్లారికి సమీపముననున్న కుప్పగల్లు కొండపై నిట్టి నల్లగట్టు ప్రక్కనే ఫుట్ దొరగారు రాతి గొడ్డళ్ల కర్మాగారమును గుర్తించిరి. అచ్చట నేలంతయు పెచ్చులు. కొన్ని గొడ్డళ్లు మొరటుగా చెక్కి విడిచినవి; కొన్ని పొడిచి పొడిచి సరిచేసినవి; కొన్ని అరుగదీయబడినవి; కొన్ని పూర్తిగా నునుపైనవి. చేయుచుండగా విరిగి పారవేసినవియు పెక్కు.

తుపాకి పేరులోని 1873 వంటి మోసము ఇచ్చటనే యున్నది. మొరటుగా చెక్కిన గొడ్డలి యొక్కటే దొరికినచో, ఇది పల్లావరపు రాతివంటి అతిపురాతనమైనదని యెవరైనను భ్రమింతురు. కాని అన్ని దశల రాళ్లును ఒకే చోట నొకే పెచ్చుల కుప్పలో నున్నప్పుడు, మొరటుది పాతది కాదు, పూర్తికానిది మాత్రమే యని తేలును. రాయి యొక్క రూపముకంటె దాని ప్రక్కన నేమి యున్నదో అది ముఖ్యము. ఏరిన రాయికి దొరకిన చోటు వ్రాసి పెట్టనియెడల ఆ రాయి మూగదైపోవును. మన బాలురు రాళ్లను జేబులో వేసికొని తెచ్చునప్పుడు మాకు కలుగు చింత యిదియే.

ఆ ప్రాంతముననే పెద్ద బూడిద దిబ్బలు గలవు. భీముడు హిడింబాసురుని చంపి దహించిన బూడిద యని జనులు చెప్పుకొనగా న్యూబోల్డు అను సైనికోద్యోగి అంతకు పూర్వమే వ్రాసియుంచెను. కొందఱు వానిని అగ్నిపర్వతపు బూడిద యనిరి. ఫుట్ దొరగారు అందులోని రాతి పనిముట్లను చూచి, ఇవి క్రొత్తరాతి యుగపు పశుకాపరులు ముండ్లకంచె వేసి పసుల నుంచిన దొడ్లనియు, పేడ పేరుకొని కాలుటచే దిబ్బలైనవనియు నూహించిరి. అందఱును నమ్మలేదు. 1957లో మహబూబునగరు జిల్లా ఉట్నూరు దిబ్బను ఆల్చిన్ దొరగారు త్రవ్వినప్పుడు బూడిద పొరలలో పసుల గిట్టల జాడలే కనబడినవి. ఇట్టి దిబ్బలు మన జిల్లాలోని పాలవాయి యందును గలవు. వీనిలో పెక్కింటి వయస్సు నాలుగు వేల సంవత్సరముల ప్రాంతమని బొగ్గును పరీక్షించి చెప్పుచున్నారు.

కర్నూలు జిల్లా బేతంచర్ల యొద్ద బిల్లసర్గము గుహలను 1884 ప్రాంతమున ఆయన పర్యవేక్షణలో కుమారుడు త్రవ్వించెను. అచ్చటి యెముకలలో కొన్ని మనుష్యుడు చెక్కిన పనిముట్లని దొరగారనిరి గాని, తరువాతివారికి సందేహము తీరలేదు.

1891లో ప్రభుత్వోద్యోగము ముగిసిన పిమ్మట బరోడా సంస్థానమునందును, ఆ మీద మైసూరునందును పనిచేసిరి. గుజరాతులో సాబర్మతి గట్టున ఆయన చూచినది గొప్ప సాక్ష్యము. అడుగున గులకపొరలో పాతరాతి యుగపు ఆయుధము; దానిపై దాదాపు 200 అడుగుల మన్నును గాలి తెచ్చిన దుమ్మును; ఆ పైన క్రొత్తరాతి యుగపు వస్తువులు. ఇంత మన్ను పేరుటకు పట్టిన కాలమెంతయో చదువరులే యూహింపవచ్చును. రెండు యుగముల నడుమ మహా విరామము కలదని ఆయన నిశ్చయించిరి. ఆ విరామము శూన్యము కాదని, అందును మనుష్యులుండిరని తెలిపిన యాయుధములు తరువాత దొరకినవి.

నాలుగు వందలకు పైబడిన స్థలములనుండి కూర్చిన ఆయన సంగ్రహమును 1904లో చెన్నపట్టణపు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలవారు కొనిరి. అందులో మన జిల్లా రాళ్లును గలవు. వార్ధకమున ఏర్కాడు కొండపై నివసించుచు ఒక్కొక్క రాయికి వివరము వ్రాసి పట్టిక సిద్ధపఱచిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో మరణించిరి. పట్టిక 1914లోను, రాళ్ల కాలములను గూర్చిన రెండవ సంపుటము 1916లోను అచ్చైనవి. రెంటిని నాయన చూడలేదు.

అత్తిరంపాక్కము రాళ్ల వయస్సు 2011లో గాని తెలియలేదు. శాంతి పప్పు గారును తోడి పరిశోధకులును అచ్చట లోతుగా త్రవ్వి, రాతిలోని అల్యూమినియము, బెరిలియము అణువులను కొలిచిరి. రాయి నేలపై నున్నంత కాలము ఆకాశమునుండి వచ్చు కిరణములవలన ఈ యణువులు పుట్టుచుండును. మన్నులో పూడిన పిదప రెండును వేఱువేఱు వేగములతో క్షీణించును. వాని నిష్పత్తియే తుపాకిపై చెక్కిన సంఖ్యవంటిది. ఆ లెక్క ప్రకారము ఆ యాయుధములు సుమారు 15 లక్షల సంవత్సరముల నాటివి; ఎంత తగ్గించినను 10 లక్షలకు తక్కువ కావు.

ఆ సంగ్రహములోని రాళ్లకు ఫుట్ దొరగారి పట్టికలో ఒక్కొక్క సంఖ్యయు గలదు. ఆ సంఖ్య ననుసరించి చూచినచో సంవత్సరము కనబడదు. రాయి దొరకిన గ్రామము పేరు కనబడును.