చివరి చీతాలను కాల్చిన రాజు

మోవా (రాయ్‌పూర్): నేటి ఛత్తీస్‌గఢ్ ఉత్తర భాగంలోని కొరియా ఒకప్పుడు చిన్న సంస్థానం. దాని చివరి పాలకుడు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ 1925లో పాలన చేపట్టారు. 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లారు. బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించారు. దేశం మాత్రం ఆయన్ను ఒక్క రాత్రితోనే గుర్తుపెట్టుకుంది.

1947లో అడవి దారిన వాహనంలో వెళ్తూ మూడు మగ చీతాలను కాల్చారు. ఆ ఫొటో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చేరింది. తర్వాత కూడా చీతాలు కనిపించాయన్న వాదన ఉన్నా, దేశంలో చివరివిగా చెప్పుకునేవి అవే. 1948 జనవరి 1న సంస్థానం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిసింది. 1952లో చీతా అంతరించినట్లు ప్రకటించారు. రాజు 1954లో కన్నుమూశారు.

అర శతాబ్దం తర్వాత హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు క్లోనింగ్‌తో చీతాను తిరిగి తేవాలనుకున్నారు. రాజుల బంగళాల్లోని చర్మాలు అందుకు చాలవు. వాటిలో మిగిలేది ముక్కలైన డీఎన్‌ఏ. క్లోనింగ్‌కు బతికున్న కణం కావాలి. ఇరాన్ చీతా కణాన్ని చిరుతపులి అండంలోకి ఎక్కించి, చిరుతపులి గర్భంలోనే పెంచాలన్నది ప్రణాళిక. ఇరాన్ ఒప్పుకోలేదు.

‘జురాసిక్ పార్క్’లో దోమ తాగిన నెత్తురు నుంచి డైనోసార్లే పుట్టుకొస్తాయి. నిజానికి ఇప్పటిదాకా దొరికిన అతి పాత డీఎన్‌ఏ వయసు సుమారు 20 లక్షల ఏళ్లు. డైనోసార్లు పోయి 6.6 కోట్ల ఏళ్లయింది. వాటి మాట అటుంచితే, కొరియా చీతాల చర్మానికి నిండా వందేళ్లు లేవు.

2022 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని కూనోకు చేరినవి నమీబియా చీతాలు. రాజు కాల్చినవి ఆసియా ఉపజాతివి.