హెలెన్ కెల్లర్: పాఠంలో రాని సగం జీవితం

హెలెన్ కెల్లర్ పేరు విననివారు మనలో ఉండరు. స్కూల్లో చదువుకున్నాం, వ్యక్తిత్వ వికాస క్లాసుల్లో విన్నాం. అయితే మనకు చెప్పేది ఎక్కువగా ఆమె చిన్ననాటి కథే. పెద్దయ్యాక ఆమె ఏం చేశారో ఈ వ్యాసంలో చెప్పాలని మా ప్రయత్నం.

హెలెన్ 1880 జూన్ 27న అమెరికాలోని అలబామా రాష్ట్రం టస్కంబియాలో జన్మించారు. 19 నెలల వయసులో జబ్బు చేసి చూపు, వినికిడి రెండూ పోయాయి. 1887 మార్చిలో ఆనీ సలివన్ టీచరుగా వచ్చారు. పంపు నీళ్లు ఒక చేతిమీద పడుతుండగా, రెండో చేతిలో ఆమె వేళ్ల గుర్తులతో నీళ్లు అనే మాటను చెప్పారు. ప్రతి వస్తువుకూ ఒక పేరుంటుందని పాపకు అప్పుడు తెలిసింది. 1904లో రాడ్‌క్లిఫ్ కాలేజీ నుంచి బి.ఎ. పట్టా పుచ్చుకున్నారు. చూపు, వినికిడి రెండూ లేనివారిలో ఈ పట్టా పొందిన మొదటి వ్యక్తి ఆమే.

ఇక్కడ మనం ఒకటి గమనించాలి. ఆ చదువుకు పట్టుదలతో పాటు డబ్బు కూడా కావలసి వచ్చింది. హెన్రీ రోజర్స్ అనే చమురు వ్యాపారి ఆ ఖర్చుకు సాయం చేశాడు. మరి అలాంటి దాత దొరకని పిల్లల గతేమిటి? ఈ ప్రశ్నను హెలెన్ జీవితాంతం వదల్లేదు. ఫ్యాక్టరీ ప్రమాదాలు, వైద్యం అందని పేదరికం ఎంతోమంది చూపు తీస్తున్నాయని ఆమె గుర్తించారు. 1909లో సోషలిస్టు పార్టీలో చేరారు.

1924 నుంచి అమెరికన్ ఫౌండేషన్ ఫర్ ది బ్లైండ్ తరఫున ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. కానీ విరాళం దాత మనసును బట్టి వస్తుంది, ఆగిపోతుంది. చట్టంలో రాసిన డబ్బు ఏటా వస్తుంది. అందుకే ఆమె ప్రభుత్వం తలుపు కూడా తట్టారు. 1930లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు అంధుల పుస్తకాలకు నిధులు కావాలని కోరారు. 1931లో చట్టం వచ్చింది. బ్రెయిలీ పుస్తకాలకు ఏటా లక్ష డాలర్లు కేటాయించి, లైబ్రరీల ద్వారా అందించారు. 1935 నాటి సామాజిక భద్రతా చట్టంలో పేద అంధుల సాయానికి రాష్ట్రాలకు నిధులిచ్చే భాగం చేరింది. దాని కోసం కృషి చేసినవారిలో హెలెన్ ఒకరు. 1944లో మళ్లీ కమిటీ ముందుకు వెళ్లి నల్లజాతి అంధుల గురించి, తనలాగే చూపు, వినికిడి రెండూ లేనివారి గురించి మాట్లాడారు. సాయం అందరికంటే తక్కువ అందుతున్నది వారికే.

1955లో, 74 ఏళ్ల వయసులో, మన దేశానికి కూడా వచ్చారు. 1968 జూన్ 1న కన్నుమూశారు.

మిత్రులారా, మన మెస్ చార్జీలు, స్కాలర్‌షిప్పులు ఒకరి జాలివల్ల రావడం లేదు. ఎందరో పోరాడి సాధించిన బడ్జెట్ పద్దులు అవి. పద్దు ఆలస్యమైతే ఏమవుతుందో మనకు బాగా తెలుసు. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అయితే సీటు వచ్చిన విద్యార్థికి ర్యాంపు, బ్రెయిలీ పుస్తకం, సైగల భాష తెలిసిన మనిషి కావాలి. వీటన్నిటికీ డబ్బు కావాలి.

హెలెన్ ఫొటోకు దండ వేయడం తేలిక. మన హాస్టల్ మెట్ల పక్కన ర్యాంపు కోసం అర్జీ పెట్టి, నిధులు మంజూరయ్యేదాకా అడుగుతూ ఉండటమే ఆమెకు మనమిచ్చే నిజమైన నివాళి.