క్లెయిర్ పాటర్సన్

క్లెయిర్ కామెరాన్ పాటర్సన్ (జూన్ 2, 1922 - డిసెంబరు 5, 1995) అమెరికాకు చెందిన భూరసాయన శాస్త్రవేత్త. భూమి వయస్సు సుమారు 455 కోట్ల సంవత్సరాలని నిర్ధారించినవాడిగా సుప్రసిద్ధుడు. పెట్రోలులో సీసం కలపడాన్ని మాన్పించడంలోనూ ఈయన కృషి గణనీయమైనది.

బాల్యము, విద్య

పాటర్సన్ అయోవా రాష్ట్రంలోని మిచెల్‌విల్‌లో జన్మించాడు. తండ్రి తపాలా శాఖ ఉద్యోగి. తల్లి కొనిచ్చిన రసాయన పరికరాల పెట్టెతో ఈయనకు ఆ శాస్త్రంపై మక్కువ కలిగింది. గ్రిన్నెల్ కళాశాలలో పట్టభద్రుడై, సహాధ్యాయిని లోర్నాను వివాహమాడాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మన్‌హట్టన్ ప్రాజెక్టులో పనిచేస్తూ మాస్ స్పెక్ట్రోమీటరు వాడకంలో నైపుణ్యం సంపాదించాడు. 1951లో షికాగో విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు.

జిర్కాన్, ఆమ్లము

జిర్కాన్ స్ఫటికం ఏర్పడేటపుడు యురేనియాన్ని తనలో ఇముడ్చుకొంటుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. కాబట్టి తరువాత అందులో కనిపించే సీసం చాలావరకు యురేనియం క్షయం వల్ల పుట్టినదే. యురేనియం-238 అర్ధాయువు 447 కోట్ల సంవత్సరాలు, యురేనియం-235 అర్ధాయువు 70.4 కోట్ల సంవత్సరాలు. ఈ రెండు గడియారాలు ఒకే వయస్సును చూపితేనే ఫలితం నమ్మదగినది.

గురువు హారిసన్ బ్రౌన్ ఆవగింజ కంటె చిన్నవైన జిర్కాన్లలో యురేనియాన్ని కొలిచే పని జార్జి టిల్టన్‌కు, సీసాన్ని కొలిచే పని పాటర్సన్‌కు అప్పగించాడు. టిల్టన్ లెక్కలు సరిపోయాయి. పాటర్సన్‌కు మాత్రం ఉండవలసినదానికంటె ఎన్నో రెట్లు సీసం కనిపించింది. అది రాతిలోది కాదు. గాలి, నీరు, గాజుపాత్రలు, చివరకు స్ఫటికాన్ని కరిగించే ఆమ్లాల నుండి కూడా వచ్చినది. ఆమ్లాలను తానే శుద్ధి చేసుకొంటూ, గదిని పదేపదే కడుగుతూ ఈయన ఏళ్ళు గడిపాడు. పాఠ్యపుస్తకాలలో భూమి వయస్సు ఒక్క వాక్యంలో ముగుస్తుంది గాని, దాని వెనుక ఉన్నది ఈ శుభ్రతే.

1955లో టిల్టన్, పాటర్సన్ తదితరులు కెనడాలోని ఒక గ్రానైటుపై పరిశోధన ప్రచురించారు. ఆ రాతిని ఆమ్లంతో కడిగితే యురేనియం, సీసాలలో కొంత భాగం సులభంగా వెలికివచ్చింది. ఇక్కడ ఆమ్లం రెండంచుల కత్తి వంటిది. పైన అంటుకొన్న సీసాన్ని తొలగించి మేలు చేస్తుంది. కాని రేడియోధార్మికత వల్ల దెబ్బతిన్న స్ఫటిక భాగాల నుండి యురేనియాన్ని, సీసాన్ని వేర్వేరు పాళ్ళలో లాగివేస్తే మిగిలిన నిష్పత్తి తప్పుడు వయస్సును చూపుతుంది. ఈ చిక్కును 2005లో జేమ్స్ మాటిన్సన్ చాలావరకు పరిష్కరించాడు. ఆయన పద్ధతిలో జిర్కాన్లను ముందుగా 800 నుండి 1100 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, ఆ తరువాత హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కొంతమేర కరిగిస్తారు. సీసం కోల్పోయిన భాగాలు కరిగిపోగా, చెక్కుచెదరని భాగం మిగిలి రెండు గడియారాలూ ఏకీభవిస్తాయి.

భూమి వయస్సు

1952లో బ్రౌన్‌తో పాటు కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి వెళ్ళిన పాటర్సన్, అక్కడ వడకట్టిన గాలి నిండిన ప్రయోగశాలను నిర్మించుకొన్నాడు. కాన్యన్ డయాబ్లో ఉల్కలోని ఇనుప సల్ఫైడులో యురేనియం దాదాపు లేదు గనుక, అందులోని సీసం సౌరకుటుంబం పుట్టినప్పటిదే. దానిని ఇతర ఉల్కల సీసంతో పోల్చి, 1956లో 455 కోట్ల సంవత్సరాలు (7 కోట్లు అటూ ఇటూగా) అనే విలువను ప్రకటించాడు.

సీసంపై పోరాటం

ప్రయోగశాలను వేధించిన సీసం ఎక్కడిదన్న ప్రశ్న ఈయనను వదలలేదు. సముద్రపు లోతులలో కంటె ఉపరితలంలో సీసం ఎక్కువ ఉన్నదని, గ్రీన్‌లాండ్ మంచు పొరలలో అది ఇటీవలి కాలంలో విపరీతంగా పెరిగిందని కనుగొన్నాడు. 1965లో ఈ విషయమై వ్యాసం ప్రచురించాడు. చమురు పరిశ్రమ నుండి వచ్చే ఆర్థిక సహాయం ఆగిపోయింది. 1971లో గాలిలోని సీసంపై నియమించిన జాతీయ నిపుణుల సంఘంలో, ఆ విషయం అందరికంటె బాగా తెలిసిన ఈయనకు చోటు దక్కకపోవడం విడ్డూరమే. అమెరికాలో వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 1996 నాటికి నిషేధింపబడింది. భారతదేశంలో 2000లో, చిట్టచివరగా అల్జీరియాలో 2021లో నిలిచిపోయింది.

గౌరవాలు

1987లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యుడయ్యాడు. 1995లో టైలర్ బహుమతి లభించింది, అదే సంవత్సరం కాలిఫోర్నియాలోని సీ రాంచ్‌లో మరణించాడు. 2511 సంఖ్య గల గ్రహశకలానికి ఈయన పేరు పెట్టారు.